పేదరికం తగ్గుతున్న కొద్దీ వలసలు ఎందుకు పెరుగుతాయి?

[తెరపై: ప్రపంచ పటం]

పేద దేశాల్లో అభివృద్ధి జరిగితే వలసలు వాటంతట అవే ఆగిపోతాయన్న మాట చాలాకాలంగా వినిపిస్తోంది. వినడానికి సబబుగానే ఉన్న ఈ వాదనకు లెక్కలు మాత్రం తోడు రావు. ఐక్యరాజ్య సమితి అంచనా ప్రకారం 2020 నాటికి పుట్టిన దేశం విడిచి ఉంటున్నవారు దాదాపు 28 కోట్ల మంది, అంటే ప్రపంచ జనాభాలో సుమారు 3.6 శాతం. నిరుపేద దేశాల్లో ఒకటైన నైజర్ నుంచి బయలుదేరేవారిలో ఎక్కువమంది చుట్టుపక్కల దేశాలకే వెళ్తారు. సంపన్న దేశాలకు వెళ్లే వలసల్లో పెద్ద వాటా మెక్సికో, ఫిలిప్పీన్స్ వంటి మధ్యాదాయ దేశాలది.

[తెరపై: పాస్‌పోర్టు, వైద్య పరీక్ష పత్రం, విమాన టికెట్]

కారణం ఖర్చు. నేపాల్ నుంచి గల్ఫ్‌కు ఒక యువకుడిని పంపాలంటే పాస్‌పోర్టు, వైద్య పరీక్షలు, ఏజెంటు రుసుము, టికెట్, ఇలా ప్రతి మెట్టు దగ్గరా డబ్బు కావాలి. చాలా కుటుంబాలు వడ్డీకి అప్పు చేసి పంపుతాయి కాబట్టి, మొదట్లో వచ్చే జీతంలో పెద్ద భాగం ఆ అప్పుకే పోతుంది. అప్పు పుట్టే స్తోమత కూడా లేని ఇల్లు ఎవరినీ పంపలేదు. ఆదాయం కాస్త పెరిగి, పిల్లలు చదువుకున్నాకే ఆ దారి తెరుచుకుంటుంది. తలసరి ఆదాయం, దేశాల మధ్య ధరల తేడాను సరిచేసి చూసే కొనుగోలు శక్తి లెక్కన, దాదాపు 10,000 డాలర్లకు చేరేవరకూ వలసలు పెరుగుతూనే ఉంటాయని ఆర్థికవేత్త మైకేల్ క్లెమెన్స్ చూపించారు. ప్రతి దేశమూ ఇదే గీత వెంట నడుస్తుందా అన్నదానిపై వాదోపవాదాలు ఉన్నాయి, ఉండాల్సినవే.

పైగా వెళ్లేది ఒక్కరే అయినా, నిర్ణయం చాలాసార్లు ఇంటిల్లిపాదిదీ. ఇక్కడ పంట పోయినా అక్కడి జీతం ఆగదు కనుక, ఆ కుటుంబానికి వలసే బీమా.

[తెరపై: మెక్సికో జనాభా పిరమిడ్, 1970 నుంచి 2010 వరకు]

ఇక జనాభా సంగతి. మెక్సికోలో శిశు మరణాలు ముందు తగ్గాయి, జననాలు ఆలస్యంగా తగ్గాయి. 1970 ప్రాంతంలో ఒక్కో స్త్రీకి సగటున ఆరుగురికి పైగా పిల్లలు. ఆ పిల్లలు పెద్దవారై పని వెతుక్కునే వేళకు 1982లో రుణ సంక్షోభం, 1994లో అక్కడి కరెన్సీ పెసో పతనం వచ్చిపడ్డాయి. పక్కనే అనేక రెట్ల జీతమిచ్చే అమెరికా ఉంది. జనాభా ఒత్తిడి ఒక్కటే ఉన్నా, సంక్షోభం ఒక్కటే వచ్చినా అంత పెద్ద ప్రవాహం కదిలేది కాదని నా అభిప్రాయం. 2008 మాంద్యంతో ఆ ప్రవాహం బాగా సన్నగిల్లింది. తర్వాత అమెరికా ఆర్థిక వ్యవస్థ కోలుకున్నా మునుపటి స్థాయికి చేరలేదు. అందుకు సరిహద్దు కట్టుదిట్టం కావడం ఒక కారణమైతే, కొత్తగా పనివయసుకు వచ్చే తరాలు చిన్నవి కావడం మరో కారణం.

[తెరపై: దక్షిణ కొరియా]

కార్మికులను పిలిచే దేశాల్లో జనాభా వయసు కూడా లెక్కలోకి వస్తుంది. 1963 నుంచి పశ్చిమ జర్మనీ గనులకు కార్మికులను, ఆసుపత్రులకు నర్సులను పంపిన దక్షిణ కొరియాలో 2023 నాటికి ఒక్కో స్త్రీకి సగటు పిల్లల సంఖ్య 0.72కు పడిపోయింది. ఇప్పుడు ఆ దేశ కర్మాగారాలు, పొలాలు నేపాల్, వియత్నాం, కంబోడియాల నుంచి కార్మికులను రప్పించుకుంటున్నాయి; అందుకోసం 2004లోనే అక్కడి ప్రభుత్వం ప్రత్యేక పర్మిట్ విధానాన్ని అమల్లోకి తెచ్చింది.