గొంతు పెంచని రాక్ పాట

శ్రోతలందరికీ నమస్కారం.

రాక్ సంగీతం అనగానే మనలో చాలామందికి ముందు చప్పుడు గుర్తొస్తుంది. చెవులు గింగురుమనే డ్రమ్ములు, ఎలక్ట్రిక్ గిటార్లు, మెడ నరాలు పొంగేలా పాడే గాయకుడు. నిజమే, రాక్‌లో అదంతా ఉంది. అదంతా నాకిష్టం కూడా. కానీ అదే రాక్‌లో తానే పాట రాసుకుని, తానే బాణీ కట్టుకుని, తానే పాడేవాళ్లున్నారు. వాళ్లలో కొందరిని అసాధారణ ప్రతిభావంతులు అంటారు. ఆ ప్రతిభ ఎక్కడుంది? గొంతులోనా, కలంలోనా, వేళ్లలోనా? ఈ ప్రశ్నకు జవాబు చెప్పడానికి పది మంది పేర్లు ఏకరువు పెట్టి మిమ్మల్ని తికమక పెట్టను. ఒక్క మనిషి గురించి, ఆ మనిషి రాసిన ఒక్క పాట గురించి మాట్లాడతాను. ఒక్క పాటే, కానీ పూర్తిగా.

ఆ మనిషి బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్. 1949లో అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రంలో పుట్టాడు, ఫ్రీహోల్డ్ అనే చిన్న పట్టణంలో పెరిగాడు. తండ్రికి ఏ పనీ నిలకడగా లేదు. కొన్నాళ్లు బస్సు నడిపాడు, కొన్నాళ్లు ఆ ఊళ్లోని తివాచీల మిల్లులో చేశాడు. తల్లి ఒక లాయరు దగ్గర సెక్రటరీ. కొడుక్కి 60 డాలర్ల గిటార్ కొనివ్వడానికి ఆ తల్లి అప్పు చేసింది. మిగతా జీవిత విశేషాలు ఎక్కడైనా దొరుకుతాయి, నేను నేరుగా పాటలోకి వెళ్తాను.

పాట పేరు 'మై హోమ్‌టౌన్'. 1984 జూన్‌లో విడుదలైన 'బార్న్ ఇన్ ద యూఎస్ఏ' అనే ఆల్బమ్‌లో చిట్టచివరి పాట. ఆ ఆల్బమ్ నుంచి ఏడు పాటలు అమెరికా టాప్ 10లోకి వెళ్లాయి. ఆ ఏడింటిలో ఆఖరిది ఇదే. మిగతావాటిలో చాలావరకు హుషారైన పాటలు, స్టేడియాలు ఊగిపోయే పాటలు. ఇది మాత్రం నెమ్మదిగా మొదలై, నెమ్మదిగానే ముగుస్తుంది.

మొదటి చరణం. ఎనిమిదేళ్ల పిల్లవాడు చేతిలో పది సెంట్ల నాణెం పట్టుకుని బస్ స్టాప్ దగ్గరికి పరుగెడతాడు. ఎందుకు? నాన్నకు పేపర్ తేవడానికి. ఆ తర్వాత నాన్న వాణ్ణి ఒళ్లో కూర్చోబెట్టుకుని పెద్ద పాత బ్యుయిక్ కారు నడుపుతాడు. స్టీరింగ్ పిల్లవాడి చేతిలో ఉంటుంది. ఊరంతా తిప్పుతూ, వాడి జుట్టు చెరిపి, బాగా చూసుకో, ఇది నీ ఊరు అంటాడు. అంతే. మొదటి చరణంలో ఇంకేమీ లేదు. ఒక నాణెం, ఒక పేపర్, ఒక కారు.

రెండో చరణంలో ఆ పిల్లవాడు హైస్కూల్‌కి వచ్చాడు. 1965. నల్లవాళ్లకూ తెల్లవాళ్లకూ మధ్య గొడవలు. శనివారం రాత్రి సిగ్నల్ దగ్గర రెండు కార్లు పక్కపక్కనే ఆగుతాయి. ఒక కారు వెనక సీట్లో తుపాకి ఉంది. మాటా మాటా పెరుగుతుంది. తుపాకి పేలుతుంది. ఎవరికి తగిలిందో, ఎవరు పోయారో పాట చెప్పదు. నా ఊరికి చెడ్డ రోజులొచ్చాయి అని మాత్రం అంటుంది.

మూడో చరణం. మెయిన్ రోడ్డు మీద దుకాణాలు ఖాళీ. అద్దాలకు సున్నం పూసి ఉంది. రైలు పట్టాల అవతల ఉన్న బట్టల మిల్లు మూసేస్తున్నారు. మేస్త్రీ వచ్చి కార్మికులతో అంటాడు, ఈ పనులు పోతున్నాయి, మళ్లీ మీ ఊరికి రావు అని.

ఇక్కడ కాస్త ఆగుతాను. ఈ మూడో చరణం వరంగల్‌లో వినేవాళ్లకు వేరేగా వినిపిస్తుంది. మన ఆజంజాహి మిల్లు 1934లో మొదలైంది, మూతపడి చాలా ఏళ్లయింది. అందులో పనిచేసిన కుటుంబాలు ఇప్పటికీ మన మధ్య ఉన్నాయి. కొత్తవాడలో జంపఖానాలు నేసే మగ్గాలు ఉన్నాయి. మన నేత కుటుంబాలు సూరత్, భీవండి, షోలాపూర్ వలస వెళ్లిన కథ ఇక్కడ ఏ వాడలో అడిగినా చెబుతారు. మా మేనమామ అలాగే భీవండి వెళ్లి, ఒక కార్ఖానాలో సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపాడు. అది మూతపడితే ఇంటికి తిరిగొచ్చాడు. ఆయనకు ఇంగ్లీషు రాదు. ఒకసారి మా ఇంటికి వచ్చినప్పుడు ఈ పాట పెట్టి, ఒక్కో లైను దగ్గర ఆపుతూ తెలుగులో చెప్పాను. నాణెం దగ్గర, కారు దగ్గర ఊరికే వింటూ కూర్చున్నాడు. తుపాకి దగ్గర, "ఔనా" అన్నాడు. మూడో చరణం చెప్పగానే నన్ను ఆపాడు.

"మేస్త్రీ చెప్పిండా?" అని అడిగాడు.

"అవును మామా, ఓనరు కాదు, మేస్త్రీయే."

"సేటు ఎందుకొస్తడు బిడ్డా? మూసేటప్పుడు సేటు రాడు. మేస్త్రీతోని చెప్పిస్తడు. ఆయన గూడ మనసొంటోడే. ఆ రోజు ఆయన మొకం మేం జూడలె, మా మొకం ఆయన జూడలె."

కాసేపాగి, ఆ ముక్క మళ్లీ పెట్టమన్నాడు. పెట్టాను. తర్వాత అడిగాడు, "ఈయన ఏ మిల్లుల పనిచేసిండు?"

ఏ మిల్లులోనూ చేయలేదు మామా అని చెప్పాను. ఆయన నమ్మలేదు.

నమ్మకపోవడమే న్యాయం. కానీ నిజం అదే. 2017లో న్యూయార్క్‌లోని బ్రాడ్‌వే వేదిక మీద స్ప్రింగ్‌స్టీనే స్వయంగా చెప్పాడు, ఫ్యాక్టరీ లోపల ఎలా ఉంటుందో తాను ఏనాడూ చూడలేదని, అయినా జీవితమంతా రాసింది దాని గురించేనని. మా మామను ఆపేసిన ఆ ఒక్క మాట, మేస్త్రీ నోట వచ్చిన ఆ మాట, మిల్లులో చెమటోడ్చి తెలుసుకున్నది కాదు. ఊళ్లో, ఇంట్లో, తండ్రి చుట్టూ విన్నది. చెవి పెట్టి విన్నది.

ఇక నాలుగో చరణం. ఇప్పుడు ఆ పిల్లవాడికి 35 ఏళ్లు. పెళ్లయింది. రాత్రి భార్యాభర్తలు పడుకుని, ఈ ఊరు వదిలి వెళ్లిపోదామా, సామాను సర్దుకుని దక్షిణం వైపు పోదామా అని మాట్లాడుకుంటారు. వాళ్లకూ ఒక కొడుకున్నాడు. అదే రాత్రి ఆ తండ్రి కొడుకుని స్టీరింగ్ దగ్గర కూర్చోబెట్టి అంటాడు, బాగా చూసుకో, ఇది నీ ఊరు.

పాట అయిపోయింది. వెళ్లారా, ఉండిపోయారా? చెప్పడు.

ఇప్పుడు ఆ పల్లవిని గమనించండి. ప్రతి చరణం చివర వచ్చేది దాదాపు అదే లైను. మొదటిసారి నాన్న అంటాడు, ప్రేమగా. రెండోసారి కుర్రవాడు తనలో తాను అనుకుంటాడు, భయంగా. మూడోసారి మేస్త్రీ నోట వస్తుంది. ఇక్కడ నాకు వెన్ను జలదరిస్తుంది. నాన్న కానుకగా ఇచ్చిన మాటనే మేస్త్రీ తిరిగి లాక్కున్నాడు. నాలుగోసారి మళ్లీ నాన్న అంటాడు, కానీ ఈ నాన్న ఊరు వదలాలా అని ఆలోచిస్తున్న నాన్న. బాణీ మారలేదు. మాటలు దాదాపు మారలేదు. చెప్పే మనిషి మారాడు, కాబట్టి అర్థమంతా మారిపోయింది. పాట రాయడంలో ఇంతకంటే పెద్ద నైపుణ్యం నాకు తెలియదు.

ఇంకో సంగతి. పాట విడుదలైన నాటికి స్ప్రింగ్‌స్టీన్‌కు పెళ్లి కాలేదు, పిల్లలు లేరు. సొంత తండ్రితో ఆయన సంబంధం కఠినంగా ఉండేదని ఆయనే చాలాసార్లు చెప్పుకున్నాడు. అంటే పాటలో ఉన్న ఈ ఇద్దరు నాన్నలూ, ఒళ్లో కూర్చోబెట్టుకున్న నాన్న, కొడుక్కి ఊరు చూపించిన నాన్న, ఆయన తన మనసులోంచి తీసినవాళ్లేనని నాకనిపిస్తుంది.

ఇది మనకు కొత్త విద్యేమీ కాదు. కొమురవెల్లిలో, ఐనవోలులో మల్లన్న జాతరకు వెళ్లినవాళ్లకు ఒగ్గు కథ తెలుసు. డోలు మోగుతుంటుంది. కథ చెబుతున్న మనిషి చెబుతూ చెబుతూనే మల్లన్న అవుతాడు, మరుక్షణం మల్లన్న భార్య మేడలమ్మ అవుతాడు, గొంతు మారుతుంది, నిలబడే తీరు మారుతుంది. మనం ఆ మనిషిని మరిచిపోయి మేడలమ్మను చూస్తాం. స్ప్రింగ్‌స్టీన్ గిటార్ పట్టుకుని చేసేదీ ఆ పనే. కాకపోతే ఆయన పాత్రలు దేవుళ్లు కారు. బస్సు డ్రైవర్లు, మేస్త్రీలు, పని పోయినవాళ్లు.

ఇక గొంతు సంగతి. ఎంత పైస్థాయి అందుకుంటాడు, ఎన్ని ఆక్టేవులు పలుకుతాడు అని గాయకులను కొలిచేవాళ్లున్నారు. ఆ కొలతతో నేను ఏకీభవించను. స్ప్రింగ్‌స్టీన్‌ది తీయని గొంతు కాదు, గరుకు గొంతు. ఓపికకు మాత్రం లోటు లేదు. 2012 జూలై 31న హెల్సింకీలో ఆయన నాలుగు గంటల ఆరు నిమిషాలు కచేరీ చేశాడు. అంత శక్తి ఉన్నవాడు ఈ పాటలో గొంతు పెంచడు. తుపాకి పేలిన చోట పెంచడు. మిల్లు మూసిన చోట పెంచడు. పక్కన కూర్చున్న మనిషితో మాట్లాడుతున్నట్టు పాడతాడు. కీబోర్డు మీద ఒక చిన్న వరస మళ్లీ మళ్లీ తిరుగుతుంటుంది, డ్రమ్ము మెత్తగా కొడుతూ ఉంటుంది. అరవగలిగినవాడు అరవకపోవడం, అదీ ఎక్కడ అరవకూడదో తెలియడం. పెద్ద గాయకుడి గుర్తు అదేనని నా అభిప్రాయం.

ఆ తెలివి ఊరికే రాలేదు. 1974లో 'బార్న్ టు రన్' అనే ఒక్క పాటను రికార్డు చేయడానికి ఆయనకు దాదాపు ఆరు నెలలు పట్టింది. ఒక్క పాటకు ఆరు నెలలు! తర్వాత 1982 జనవరిలో దీనికి పూర్తిగా వ్యతిరేకమైన పని చేశాడు. అద్దె ఇంట్లో, పడకగదిలో, నాలుగు ట్రాకుల క్యాసెట్ రికార్డర్ పెట్టుకుని ఒంటరిగా కొన్ని పాటలు పాడుకున్నాడు. బ్యాండుకు నేర్పడానికి నమూనాలు అవి, అంతే. ఆ క్యాసెట్‌ను డబ్బా కూడా లేకుండా జేబులో వేసుకుని తిరిగాడు. తర్వాత బ్యాండుతో స్టూడియోలో అవే పాటలు మళ్లీ చేసి చూశారు. కుదరలేదు. గదిలో పాడినప్పుడు ఉన్నదేదో స్టూడియోలో పోయింది. చివరికి ఆ జేబులో తిరిగిన క్యాసెట్‌నే 'నెబ్రాస్కా' పేరుతో అదే ఏడాది సెప్టెంబర్‌లో విడుదల చేశారు. ఒకచోట ఆరు నెలలు చెక్కడం, ఇంకోచోట ఇక ముట్టుకోకూడదని ఆగడం. రెండూ తెలిసిన మనిషి ఆయన.

నాకిచ్చిన సమయం అయిపోవస్తోంది. అందుకే మిగతా అభిప్రాయాలు పక్కనపెట్టి, పాటలు రాసే మన పిల్లలకు పనికొచ్చే ఒక్క మాట చెబుతాను. ఇప్పుడు వరంగల్, కరీంనగర్, జగిత్యాల ప్రాంతాల్లో ఎంతోమంది సొంతంగా పాటలు రాసి, పాడి, యూట్యూబ్‌లో పెడుతున్నారు. విన్నప్పుడల్లా సంతోషంగా ఉంటుంది. స్టూడియో ఖర్చుల గురించి, మ్యూజిక్ చేసేవాళ్ల గురించి వాళ్లు టెన్షన్ పడటం కూడా చూశాను. ఆ టెన్షన్ కంటే ముందు చేయాల్సిన పని ఒకటుంది. దానికి ఖర్చు లేదు.

పాట రాయగానే వాయిద్యాలేవీ లేకుండా, మామూలు గొంతుతో మీ ఫోన్‌లో పాడి పెట్టుకోండి. ఆ పాట ఎవరి బతుకు గురించి రాశారో అలాంటి మనిషి దగ్గరికే తీసుకెళ్లండి. సాంచాల గురించి రాస్తే సిరిసిల్లలో సాంచాలు నడిపేవాళ్ల దగ్గరికి, బొగ్గు బాయి గురించి రాస్తే గోదావరిఖనిలో బాయి దిగేవాళ్ల దగ్గరికి. వినిపించి ఊరుకోండి. బాగుందా అని అడగకండి, అడిగితే మర్యాదకు బాగుందనే అంటారు. ఏ లైను దగ్గర ఆ మనిషి మిమ్మల్ని ఆపి ప్రశ్న వేస్తాడో చూడండి. ఆ లైను జోలికి వెళ్లకండి. ఏ లైను దగ్గర తలూపి ఊరుకున్నాడో ఆ లైను మళ్లీ రాయండి. తర్వాత ఇంకోసారి వినిపించండి.

నమస్కారం.