బోర్డులు చదివిస్తే జర్మన్ వస్తుందా? హన్మకొండ స్టూడియోలో చర్చ

(జర్మన్ నేర్పే టీచర్ ఒకరు క్లాసు మానిపించి, పిల్లలను బస్టాండుకు తీసుకెళ్లి బోర్డుల ఫొటోలు తీయించారు. తల్లిదండ్రులకు కోపం వచ్చింది. మాట మధ్యలో తెగిన చోట చుక్కలు పెట్టాను.)

యాంకర్: ముగ్గురికీ సమానంగా టైమ్ ఇస్తాను. మేడం, బస్టాండులో జర్మన్ బోర్డు ఒక్కటీ ఉండదు కదా?

టీచర్: బోర్డు ఎవరితో మాట్లాడుతుందో గమనించడం మన బోర్డులతోనే మొదలుపెట్టాను. ఆర్టీసీ బస్సులో ‘స్త్రీలను గౌరవించడం మన సంప్రదాయం’ అని ఉంటుంది. మగవాళ్లకు చెప్పే మాట అది, సంప్రదాయం పేరుతో చెబుతుంది. జర్మనీలో ఇళ్లు కట్టే చోట ‘ఎల్టర్న్ హాఫ్టెన్ ఫ్యూర్ ఈరె కిండర్’ అని పెడతారు. పిల్లలు చేసే నష్టానికి తల్లిదండ్రులదే బాధ్యత అని. అక్కడ నేరుగా...

తండ్రి: ఒక్క నిమిషం మేడం. మా అమ్మాయి నర్సింగ్ చదివింది. అక్కడ నర్సుగా గుర్తింపు రావాలంటే మామూలుగా జర్మన్ భాషా పరీక్షలో బీ2 స్థాయి అడుగుతారు. చదవడం, వినడం, రాయడం, మాట్లాడడం. ఇందులో బస్టాండు ఎక్కడుంది?

యాంకర్: అసలు మన దుకాణాల బోర్డుల మీద తెలుగు ఏది? ముందు అది...

తండ్రి: అది వేరే ముచ్చట సార్. నేను అప్పు తెచ్చి ఫీజు కట్టిన.

గల్ఫ్ నుంచి వచ్చిన కార్మికుడు: నేను జగిత్యాల నుంచి దుబాయ్ పోయిన. సైటు మీద అరబ్బీల ‘ఖతర్’ అని రాసి ఉంటది, ప్రమాదం అని. మనం ఖతర్నాక్ అంటం చూడు, ఆ ఖతరే. మాట తెలుసు, రాత తెల్వది. దాని పక్క నుంచే రోజూ...

తండ్రి: అన్నా, మీది పని, మాది పరీక్ష.

కార్మికుడు: పరీక్ష అయినంక పనే కద తమ్మీ.

(ఈ మాట దగ్గర ఆగాల్సింది. ఎవరూ ఆగలేదు.)

యాంకర్: తెలుగు బోర్డుల సంగతి చెప్పండి మేడం.

టీచర్: పిల్లలు అదీ చూశారు. ఏ భాష పైన ఉంది, ఏది చిన్న అక్షరాల్లో ఉంది, ఏది అసలే లేదు అని. 2017లో ఉర్దూను రాష్ట్రమంతటా రెండో అధికార భాష చేశారు, మరి ఎన్ని బోర్డుల మీద...

యాంకర్: ఉర్దూ తర్వాత. తెలుగు?

తండ్రి: తెలుగైనా ఉర్దూ అయినా మా పిల్లకు మార్కులు రావు! మళ్లీ చెబుతున్నా, నాలుగు పేపర్లు!

టీచర్: నాలుగోది మాట్లాడడమే కదండీ. ఆ జర్మన్ బోర్డు పెట్టినంత మాత్రాన తల్లిదండ్రుల మీద బాధ్యత పడదు. పిల్లలను చూసుకోవడంలో లోపం ఉంటేనే చట్టం పట్టుకుంటుంది. మరి ఆ బోర్డు ఎందుకు పెట్టినట్టు? దీని మీద క్లాసంతా గంటసేపు జర్మన్‌లో వాదించుకుంది. ఎన్నడూ నోరు విప్పని అమ్మాయి కూడా...

తండ్రి: గంట! ఆ గంటలో ఒక మోడల్ పేపర్ రాసేది!

యాంకర్: ఫీజు కట్టినవాళ్ల బాధ అర్థమైంది. తెలుగు బోర్డుల మీద రేపు ఇంకో చర్చ పెడదాం.

టీచర్: ఆస్పత్రి బోర్డుల గురించి చెప్పనివ్వండి, నర్సులకు అదే ముఖ్యం...

యాంకర్: టైమ్ అయిపోయింది మేడం. సార్, చివరి మాట మీది.

తండ్రి: నాలుగు పేపర్లు సార్. నాలుగు.