పాత డిస్కును అప్పుడే ఫార్మాట్ కొట్టొద్దు

అందరికీ నమస్కారం. ముందు వరుసలో డీటీపీ వాళ్లు, మీసేవ వాళ్లు, ఫొటో స్టూడియోల వాళ్లు కనపడుతున్నరు. వెనుక పాలిటెక్నిక్ పిల్లలున్నరు. సిస్టం ఆన్ చేసి పోయి ఛాయ్ తాగొచ్చినా ఇంకా తిరుగుతనే ఉంటదన్నది ముందు వరుస బాధ. ఆ సిస్టంలను బాగుచేసి నాలుగు పైసలు సంపాదించుకుందామన్నది వెనుక వరుస ఆశ. ఇద్దరికీ పనికొచ్చేటట్టు మాట్లాడుత.

హార్డ్ డిస్క్ తీసి ఎస్‌ఎస్‌డీ, అంటే చిప్‌ల డిస్కు, వేయాలె, విండోస్‌ను ఉన్నది ఉన్నట్టు దాంట్లోకి తేవాలె, దీన్నే క్లోన్ అంటరు. పని ఇంతే. క్లోనింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఏ బటన్ నొక్కాలో ఎవరైనా చూపిస్తరు. షాపులు ఆగమయ్యేది కాపీ నడిచేటప్పుడు కాదు. కాపీకి ముందు తొందరపడి, కాపీ అయినంక ధీమా పెరిగి ఆగమైతయి. నేను ఆ రెండింటి గురించే ఎక్కువ చెప్త.

స్లో ఎందుకైతదో రెండు ముక్కల్లో. హార్డ్ డిస్క్‌లో పళ్లెం నిమిషానికి 5400 సార్లో 7200 సార్లో తిరుగుతది. దాని మీద హెడ్ అటూ ఇటూ జరిగి ఒక్కో ముక్కను పట్టాలంటే సుమారు 10 మిల్లీసెకన్లు. విండోస్ లేచేటప్పుడు వేల చిన్న ఫైళ్లను అడుగుతది, అవన్నీ ఒక్కచోట ఉండవు. ఎస్‌ఎస్‌డీలో తిరిగేదీ జరిగేదీ ఏం లేదు, అదే పని మిల్లీసెకన్‌లో పదో వంతుకు అయిపోతది. కాబట్టి డబ్బా మీద రాసిన స్పీడ్ అంకెలు చూసి మోసపోవద్దు. ఎస్‌ఎస్‌డీల్లో రెండు రకాలు, వేగంది ఎన్‌వీఎంఈ, పాత తీరుది సాటా. ఎన్‌వీఎంఈకి సెకనుకు 3500 ఎంబీ అని ఉంటది, సాటాకు 550 అని ఉంటది. పెళ్లికార్డు టైప్ చేసేటాయనకు ఆ రెండింటికీ పెద్ద తేడా తెల్వది. పాత బోర్డు ఉన్నోళ్లకు రెండున్నర ఇంచుల సాటా ఎస్‌ఎస్‌డీ చాలు. బోర్డు మీద ఎం.2 అనే సన్న కార్డు స్లాట్ ఉన్నా అది సాటా తీసుకుంటదా, ఎన్‌వీఎంఈ తీసుకుంటదా అన్నది బోర్డు మాన్యువల్‌లో చూసినంకనే కొనండి. రెండూ చూడటానికి ఒక్కతీరే ఉంటయి.

అసలు క్లోన్ అవసరమా? చాలామందికి అవసరం లేదు, ఈ మాట మా రిపేర్ పనోళ్లు చెప్పరు. కాలేజీ పిల్లల ల్యాప్‌టాప్ అయితే కొత్తగా ఇన్‌స్టాల్ చేసుకోవుడే మంచిది, ఏండ్ల చెత్తను కొత్త డిస్కుకు మోసుకుపోవుడు దేనికి? విండోస్ 10, 11లలో డిజిటల్ లైసెన్స్ ఉంటే అది మదర్‌బోర్డుకు కట్టి ఉంటది గాని డిస్కుకు కాదు. ఇన్‌స్టాల్‌లో కీ అడిగితే దాటేసి, వెనుకటి ఎడిషనే వేస్తే నెట్ తగలంగనే యాక్టివేట్ అయితది.

డీటీపీ షాపు కథ వేరు. పేజీలు కూర్చే పేజ్‌మేకర్, దానికి తగ్గ అను తెలుగు ఫాంట్లు, పదేండ్ల కింద ఎవరో వేసిపోయినయి. సీడీ లేదు, వేసినాయన ఏడున్నడో తెల్వదు, కీబోర్డు లేఅవుట్ ఒక్క వేలు తేడా వచ్చినా ఆపరేటర్ చేతులు ఆగిపోతయి. అటువంటి మెషిన్‌కు క్లోన్ తప్ప దారి లేదు. మీసేవ వాళ్లది మధ్యలో ఉంటది. డిజిటల్ సిగ్నేచర్ యూఎస్‌బీ టోకెన్‌లోనే ఉంటే డిస్కు మారినా దానికేం కాదు, డ్రైవర్ వేసుకుంటే సరి. ట్యాలీ వాడేవాళ్లు, ముఖ్యంగా ఎనుమాముల మార్కెట్‌లో అడ్తి లెక్కలు రాసేవాళ్లు, డిస్కు ముట్టకముందే లైసెన్స్ సరెండర్ చేసి డేటా ఫోల్డర్‌ను బయట ఇంకోచోట కాపీ పెట్టుకోవాలె.

ఇప్పుడు కాపీకి ముందు సంగతి. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అని ఉచితంగ దొరుకుతది, దాంతో పాత డిస్కు ఆరోగ్యం చూడండి. డిస్కులో చెడిపోయిన, అనుమానమున్న చోట్లను లెక్కపెట్టే రీఅలొకేటెడ్ సెక్టార్లు, పెండింగ్ సెక్టార్లు అనే రెండు వరుసల్లో సున్నా కాకుండా అంకె పెరుగుతున్నదంటే డిస్కు పోయే దారిలో ఉన్నట్టే. అటువంటి దాని మీద గంటలకొద్దీ క్లోన్ నడిపితే మధ్యలోనే చేతులెత్తేస్తది. ముందు ఫొటోలు, లెక్కలు, కస్టమర్ల ఫైళ్లు బయటకు లాగండి. విండోస్ సంగతి తర్వాత.

ల్యాప్‌టాప్ అయితే బిట్‌లాకర్, అంటే డిస్కుకు తాళం వేసే విండోస్ ఎన్‌క్రిప్షన్, ఆన్‌లో ఉన్నదా చూడండి. కొత్త మోడళ్లలో మనం అడగకుండనే ఆన్ అయి ఉంటది, యజమానికి గూడ తెల్వదు. 48 అంకెల రికవరీ కీ సాధారణంగ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉంటది. స్క్రూలు విప్పకముందే అది రాసి పెట్టుకోండి, ఎన్‌క్రిప్షన్ సస్పెండ్ చేయండి. షట్‌డౌన్‌ను సగంలోనే ఆపే ఫాస్ట్ స్టార్టప్ ఆఫ్ చేసి పూర్తిగా షట్‌డౌన్ కొట్టండి. ఇంకోటి, మే నెలలో యూపీఎస్ లేకుండ క్లోన్ మొదలుపెట్టొద్దు. మన దగ్గర ఎండాకాలం గాలిదుమారం సంగతి మీకు చెప్పాల్సిన పనిలేదు.

సైజు గురించి అందరూ అడుగుతరు. 1 టీబీ హార్డ్ డిస్కు 480 జీబీ ఎస్‌ఎస్‌డీలో పడుతదా? నిండిన డేటా 200 జీబీ ఉంటే పడుతది. అయితే క్లోన్‌జిల్లా అనే ఉచిత క్లోన్ సాఫ్ట్‌వేర్ మామూలుగ టార్గెట్ డిస్కు సమానంగనో పెద్దదిగనో ఉండాలంటది, చిన్న దాంట్లోకి పోవాలంటే ముందు పార్టిషన్లు, అంటే డిస్కును పంచిన భాగాలు, కుదించుకోవాలె. స్టూడియో వాళ్లు పెళ్లి వీడియోలను ముందే వేరే డిస్కుకు తీసేస్తే సగం తిప్పలు తప్పినట్టే.

ఇక కాపీ. సోర్స్ ఏది, డెస్టినేషన్ ఏది అని అడిగే స్క్రీన్ వస్తది. అక్కడ ఆగండి. డిస్కు 0, డిస్కు 1 అన్న నంబర్లను నమ్మొద్దు, కంపెనీ పేరు, మోడల్, సైజు మూడూ చదవండి. రెండూ ఒక్క సైజువైతే ఎస్‌ఎస్‌డీ మీది సీరియల్ నంబర్‌ను ముందే ఫోన్‌లో ఫొటో తీసుకోండి. తారుమారైతే ఖాళీ డిస్కు వచ్చి నిండిన డిస్కు మీద పడుతది.

కాజీపేట వైపు ఒక పెళ్లికార్డుల షాపులో జరిగింది చెప్త. ఎవరో ఒకాయన సీ డ్రైవ్ ఒక్కటే ఎస్‌ఎస్‌డీకి కాపీ చేసి, బూట్ మెనూను దానికి తిప్పి పోయిండు. పాత డిస్కు సీపీయూ డబ్బాలోనే తగిలించి ఉన్నది. సిస్టం సెకన్లలో లేస్తున్నది, అందరూ ఖుషీ. మాఘమాసం ముహూర్తాల్లో, ఆర్డర్లు మీద పడ్డప్పుడు, ఓనర్ పాత డిస్కు తీసి బంధువుల పిల్లగానికి ఇచ్చిండు, వాడు ఆ సాయంత్రమే మొత్తం తుడిచేసిండు. పొద్దుగాల షాపులో బూట్ డివైస్ లేదని నల్ల స్క్రీన్. ఏమైంది? విండోస్ అంటే సీ డ్రైవ్ ఒక్కటే కాదు. యూఈఎఫ్ఐ, అంటే మెషిన్‌ను మొదట లేపే కొత్త తీరు బయోస్, ఉన్న మెషిన్‌లో ముందట ఒక చిన్న ఈఎఫ్ఐ పార్టిషన్ ఉంటది, తరచుగ 100 ఎంబీ. బోర్డు మొట్టమొదట చూసేది దాన్ని. సామానంతా కొత్తింటికి తెచ్చి తాళంచెవి పాతింట్లో మరిచినట్టు, ఆ చిన్న పార్టిషన్ పాత డిస్కులోనే ఉండిపోయింది. ఎస్‌ఎస్‌డీలో డేటాకు ఏం కాలేదు. విండోస్ పెన్‌డ్రైవ్‌తో లేపి, కొత్త ఈఎఫ్ఐ పార్టిషన్ చేసి, బూట్ ఫైళ్లు మళ్లీ రాసే బీసీడీబూట్ కమాండ్ కొడితే లేచింది. కానీ తెలిసినోడు దొరికేదాకా షాపు బంద్.

దీనికి అన్న అసువంటిది ఇంకోటున్నది. రెండు డిస్కులూ తగిలించి ఉంటే బయోస్ పాతదాని నుంచే లేపొచ్చు. చూడటానికి రెండింట్లో ఒక్కతీరే డెస్క్‌టాప్. వారం రోజుల పని పాత డిస్కులో సేవ్ అయితది, ఆ తర్వాత ఫార్మాట్ కొడితే ఆ వారం పోతది.

అందుకే క్లోన్ అయిపోంగనే షట్‌డౌన్ చేసి, పాత డిస్కు వైరు పీకి, కొత్తదానితో ఒక్కదానితోనే మొదటిసారి ఆన్ చేయండి. లేస్తే పేజ్‌మేకర్ తెరవండి, ఒక కార్డు ప్రింట్ తీయండి, స్కానర్ నడపండి. ఇనాక్సెసిబుల్ బూట్ డివైస్ అని నీలి స్క్రీన్ వస్తే గాబరా పడొద్దు. బయోస్‌లో స్టోరేజ్ మోడ్, అంటే డిస్కుతో మాట్లాడే పద్ధతి, ఏహెచ్‌సీఐ నుంచి వేరేదానికి మారిందేమో చూడండి, లేకుంటే ఒక్కసారి సేఫ్ మోడ్‌లో లేపండి. ఏం కుదరకున్నా పాత డిస్కు ముట్టకుండ ఉన్నది కదా, తగిలిస్తే షాపు నడుస్తది.

విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది, పనిలో పనిగ 11 వేయమని అడుగుతున్నరు. ఒక్కరోజు రెండు పనులు పెట్టుకోవద్దు, ఏదన్నా తప్పితే ఏ పని వల్ల తప్పిందో తెల్వది. ఎస్‌ఎస్‌డీ వేసినంత మాత్రాన పాత ప్రాసెసర్ 11కు అర్హం కాదు. ఇంటెల్‌లో దాదాపుగ ఎనిమిదో జనరేషన్ నుంచే, దాంతోటి టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్ గూడ ఉండాలె.

పాత డిస్కును కనీసం ఒక ముహూర్తాల సీజన్ దాటేదాకా పేరు, తారీఖు రాసి బీరువాలో పెట్టండి. తర్వాత అమ్ముతరా, ఎవరికన్నా ఇస్తరా మీ ఇష్టం. ఇచ్చేటప్పుడు మాత్రం మీసేవ వాళ్లు చెవిన పెట్టాలె. ఆ డిస్కులో ఊరందరి ఆధార్ కార్డుల స్కాన్‌లు, పట్టాదారు పాస్‌బుక్కులు ఉన్నయి. క్విక్ ఫార్మాట్ కొడితే ఆ ఫైళ్లు పోవు, రికవరీ సాఫ్ట్‌వేర్‌తో కాలేజీ పిల్లగాడు గూడ తీస్తడు. ఒక్కో పార్టిషన్‌కు క్విక్ అన్న దగ్గర టిక్ తీసి పూర్తి ఫార్మాట్ పెట్టండి, డిస్కు పొడుగునా సున్నాలు రాస్తది. 1 టీబీకి రెండు మూడు గంటలు పడుతది. రాత్రి షాపు మూసేటప్పుడు కాదు, పొద్దుగాల తెరిచినప్పుడు మొదలుపెట్టండి.