షోన్‌బెర్గ్ చుట్టూ ఉన్నవారి కాగితాలు

నమస్కారం. ఇరవయ్యో శతాబ్దపు పాశ్చాత్య స్వరకర్త ఆర్నాల్డ్ షోన్‌బెర్గ్ తన చేత్తో రాసుకున్న స్వరలిపి ప్రతులు, ఉత్తరాలు, వ్యాసాలు, గీసిన చిత్రాలు ఇప్పుడు ఆయన పుట్టిన ఊరు వియన్నాలో, ఆయన పేరుతో నడుస్తున్న సెంటర్‌లో భద్రంగా ఉన్నాయి. 2011లో యునెస్కో వాటిని ప్రపంచ స్మృతి జాబితాలో చేర్చింది. అయితే ఈనాటి విషయం అవి కావు. ఆయన సంగీతాన్ని వాయించినవారూ, ఆయన దగ్గర చదువుకున్నవారూ దాచి ఉంచిన కాగితాల గురించి మాట్లాడదలచుకున్నాను. స్వరకర్త పెట్టె ఒక్కటే తెరిస్తే ఆయన ఏమి రాశారో తెలుస్తుంది. అది ఎలా మోగాలని కోరుకున్నారో తెలియాలంటే వాద్యకారుల పెట్టెలు కూడా తెరవాలన్నది నా అభిప్రాయం.

ఈ మాట షోన్‌బెర్గ్ విషయంలో మరింత వర్తించడానికి కారణం ఉంది. ఆయన 1918లో వియన్నాలో, కొత్త సంగీతాన్ని సభ్యులకు మాత్రమే వినిపించే ఒక సంఘాన్ని స్థాపించారు. అందులో చప్పట్లు నిషిద్ధం, పత్రికా విమర్శకులకు ప్రవేశం లేదు, ఏ రోజు ఏ కృతి వాయిస్తారో ముందుగా ప్రకటించేవారు కాదు. ఒక్కొక్క కృతికి ఎన్నో సాధనలు జరిగేవి. నచ్చినా నచ్చకపోయినా సభ్యులు దాన్ని మళ్ళీ మళ్ళీ వినేవారు. 1921లో డబ్బు చాలక ఆ సంఘం మూతపడింది. విమర్శకులను గుమ్మం దగ్గరే ఆపేసిన చోట జరిగిన పనికి పత్రికల్లో జాడ ఎంత దొరుకుతుంది? ఆ సాధనల్లో కూర్చున్నవారి నోటు పుస్తకాల్లో, వారు గుర్తులు పెట్టుకున్న స్కోర్లలో, అంటే కృతుల స్వరలిపి ప్రతుల్లో, తర్వాత వారు రాసిన ఉత్తరాల్లో వెతకవలసిందే.

అలా కూర్చున్నవారిలో వయొలిన్ విద్వాంసుడు రుడాల్ఫ్ కోలిష్ ఒకరు. చిన్నతనంలో ఎడమచేతి వేలికి దెబ్బ తగలడంతో ఆయన వాద్యాన్ని కుడిచేతికి మార్చుకొని, కమానును ఎడమచేత్తో పట్టడం నేర్చుకున్నారు. 1924లో ఆయన చెల్లెలు గెర్ట్రూడ్‌ను షోన్‌బెర్గ్ పెళ్ళి చేసుకోవడంతో శిష్యుడు కాస్తా బావమరిది అయ్యాడు. కోలిష్ క్వార్టెట్ అన్న తంత్రీవాద్య బృందంలోని నలుగురూ తమ తమ వాద్యాల విడి భాగాల నుంచి కాక అన్ని వాద్యాలూ ఉన్న పూర్తి స్కోరు చూసి సాధన చేసేవారు, వేదిక మీద కాగితం లేకుండా వాయించేవారు. షోన్‌బెర్గ్ మూడవ క్వార్టెట్‌ను (ఇలాంటి బృందం కోసం రాసిన కృతినీ క్వార్టెట్ అనే అంటారు) 1927లో వియన్నాలోనూ, నాలుగవదాన్ని 1937లో లాస్ ఏంజిలస్‌లోనూ మొదటిసారి వినిపించింది వీరే. షోన్‌బెర్గ్ శిష్యుడు బెర్గ్, హంగేరీ స్వరకర్త బార్టోక్ కృతులు కొన్ని కూడా వీరి చేతుల మీదుగానే లోకానికి తెలిశాయి. వేదిక మీద కాగితం లేని బృందం ఒక కృతిని ఎలా అర్థం చేసుకుందో తెలియాలంటే ఇంట్లో ఉంచుకున్న కాగితాలే దిక్కు. కోలిష్ పత్రాలు హార్వర్డ్ విశ్వవిద్యాలయంలోని హౌటన్ లైబ్రరీలో ఉన్నాయి.

వీరిద్దరి ఉత్తరప్రత్యుత్తరాల్లో నన్ను అన్నిటికంటే ఎక్కువగా ఆలోచింపజేసేది 1932 జులైలో షోన్‌బెర్గ్ రాసిన ఉత్తరం. స్థాయిలోని పన్నెండు స్వరస్థానాలను ఒక నిర్ణీత వరుసలో పేర్చుకొని, ఆ వరుసనూ, దాన్ని తలకిందులు చేసిన రూపాన్నీ, వెనక నుంచి ముందుకు చదివిన రూపాన్నీ ఆధారంగా చేసుకొని కృతి అల్లడం షోన్‌బెర్గ్ పద్ధతి అని మీలో చాలామంది వినే ఉంటారు. కోలిష్ ఎంతో శ్రమపడి మూడవ క్వార్టెట్‌లోని వరుసను బయటికి తీసి గురువుకు పంపారు. నువ్వు పట్టుకున్న వరుస సరైనదే, కాని ఇలాంటి లెక్కలకు అతిగా విలువ ఇవ్వవద్దు, కృతి ఎలా తయారైందో అవి చూపుతాయే తప్ప అది ఏమిటో చూపవు అన్న భావంతో షోన్‌బెర్గ్ జవాబిచ్చారు. ఆయన సంగీతమంటే లెక్కల పట్టీ అని నేటికీ అనుకునేవారున్నారు. దానికి ఆయన సమాధానం ఒక వాద్యకారుడి ప్రశ్నకు జవాబుగా వచ్చిందని గమనించాలి. ఆ ప్రశ్న అడిగిన మనిషి లేకపోతే ఆ జవాబు కూడా ఉండేది కాదు.

పియానో వైపు ఇలాంటి స్థానమే ఎడ్వర్డ్ స్టాయర్‌మన్‌ది. 1912లో బెర్లిన్‌లో షోన్‌బెర్గ్ గాత్ర-వాద్య కృతి 'పియరో ల్యూనేర్' తొలి ప్రదర్శనలో పియానో వాయించిన ఆయనే, 1944లో న్యూయార్క్‌లో స్టోకోవ్‌స్కీ ఆర్కెస్ట్రా నిర్వహణలో షోన్‌బెర్గ్ పియానో కన్చెర్టోను (పియానోకూ ఆర్కెస్ట్రాకూ కలిపి రాసిన కృతి) మొదటిసారి వినిపించారు. రెంటికీ మధ్య ఒక ప్రపంచయుద్ధం, రెండవదానిలో చాలా భాగం, ఒక ఖండాంతర ప్రవాసం ఉన్నాయి. షోన్‌బెర్గ్ చిన్న వాద్యబృందానికి రాసిన మొదటి ఛేంబర్ సింఫనీని ఒంటరి పియానోకు, తంత్రీవాద్యాలకు రాసిన 'వెర్‌క్లేర్టె నాఖ్ట్'ను వయొలిన్, చెల్లో, పియానోల త్రయానికి ఆయన మార్చి రాశారు. ఆయన భార్య క్లారా కూడా షోన్‌బెర్గ్ శిష్యురాలే, వృత్తిరీత్యా గ్రంథపాలకురాలు. లాస్ ఏంజిలస్‌లో షోన్‌బెర్గ్ ఇన్‌స్టిట్యూట్ ఏర్పడినప్పుడు గురువు కాగితాలను వర్గీకరించే ఆర్కైవిస్టు బాధ్యత ఆమె మీదే పడింది. ఆ దంపతుల సొంత కాగితాలు మాత్రం ఇద్దరి పేర్లతో అమెరికా కాంగ్రెస్ లైబ్రరీలో ఒక సేకరణగా ఉన్నాయి. సాధారణంగా తెర వెనుక ఉండిపోయే ఆర్కైవిస్టు పేరు సేకరణకు దక్కడం నాకు ఎంతో న్యాయంగా తోస్తుంది.

1933లో నాజీ ప్రభుత్వం వచ్చాక షోన్‌బెర్గ్ బెర్లిన్‌లోని ఉద్యోగం పోగొట్టుకొని అమెరికా చేరారు. 1936 నుంచి 1944 వరకు లాస్ ఏంజిలస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో బోధించారు. అక్కడ ఆయనకు సహాయకులుగా పనిచేసిన లియొనార్డ్ స్టైన్, జెరాల్డ్ స్ట్రాంగ్, పదిహేనేళ్ళ వయసుకే ఆయన తరగతిలో చేరి డైరీ రాసుకున్న డీకా న్యూలిన్ వంటివారి వల్ల గురువుగా ఆయన స్వరూపం మనకు దక్కింది. పన్నెండు స్వరాల పద్ధతిని ఆయన తరగతిలో ప్రచారం చేయలేదు; బాఖ్, మోట్సార్ట్, బీథోవెన్, బ్రామ్స్‌ల కృతులను ముందు పెట్టుకొని పాఠం చెప్పేవారు. విప్లవకారుడిగా పేరుపడిన మనిషి ఇంత సంప్రదాయంగా బోధించారన్న సంగతికి విద్యార్థుల నోటు పుస్తకాలకంటే గట్టి సాక్ష్యం లేదు. అయితే డైరీని డైరీగానే చదవాలి. కోపిష్టి గురువు గురించి ఒక బాలిక ఆ రాత్రి రాసుకున్న మాట, నలభై ఏళ్ళ తర్వాత మరొకరు భక్తితో గుర్తు చేసుకున్న మాట ఒకే బరువు తూగవు.

అందుకే ఆర్కైవులు ఈ కాగితాలను విషయాన్ని బట్టి కలిపివేయకుండా, ఎవరి దగ్గరినుంచి వచ్చినవి వారి పేరుతోనే విడిగా ఉంచుతాయి. ఒక మాట ఎవరి చేతి నుంచి వచ్చిందో తెలియకపోతే దాన్ని తూచడం సాధ్యం కాదు. దీనివల్ల పరిశోధకుడికి తిరుగుడు తప్పదు: బెర్గ్ కాగితాలు ఆస్ట్రియా జాతీయ గ్రంథాలయంలో, మరో శిష్యుడు వెబర్న్‌వి స్విట్జర్లాండ్‌లో బాసెల్‌లోని పాల్ సాకర్ ఫౌండేషన్‌లో, కోలిష్‌వి హార్వర్డ్‌లో. షోన్‌బెర్గ్ సొంత సేకరణ సైతం వారసులకూ, ఆ ఇన్‌స్టిట్యూట్ ఉన్న దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికీ మధ్య తలెత్తిన వివాదం తర్వాత 1998లో లాస్ ఏంజిలస్ నుంచి వియన్నాకు తరలిపోయింది. 2025 జనవరిలో లాస్ ఏంజిలస్‌లోని పసిఫిక్ పాలిసేడ్స్‌ను కార్చిచ్చు చుట్టుముట్టినప్పుడు, షోన్‌బెర్గ్ కుటుంబం నడిపే బెల్‌మాంట్ ప్రచురణ సంస్థ నిల్వలో ఉన్న దాదాపు లక్ష స్కోర్లూ భాగాలూ కాలిపోయాయి. మూల రాతప్రతులు అప్పటికే వియన్నాలో ఉండడంవల్ల దక్కాయి. ఒకే చోట లేకపోవడం అలసట కలిగించే మాట నిజమే. ఆ అలసటను నేను ఇకమీదట నిందించలేను.

వినడంతో మొదలుపెట్టదలచినవారికి ఒక దారి ఉంది. 1936 డిసెంబరు, 1937 జనవరి నెలల్లో, షోన్‌బెర్గ్ శిష్యుడైన సినీ సంగీత దర్శకుడు ఆల్ఫ్రెడ్ న్యూమన్ చొరవతో, హాలీవుడ్‌లోని యునైటెడ్ ఆర్టిస్ట్స్ స్టూడియోలో కోలిష్ క్వార్టెట్ షోన్‌బెర్గ్ నాలుగు క్వార్టెట్‌లనూ రికార్డు చేసింది. ఆ డిస్కుల మీద వాద్యకారుల మాటలతో పాటు షోన్‌బెర్గ్ గొంతు కూడా ఉంది. అవి తర్వాత సీడీలుగా వచ్చాయి. స్వరలిపి ప్రతుల, ఉత్తరాల స్కాన్లు వియన్నా సెంటర్ వెబ్‌సైటులో ఉచితంగా చూడవచ్చు. నాలుగవ క్వార్టెట్ ప్రతిని ఎదురుగా పెట్టుకొని ఆ రికార్డింగు వినండి. మొదటి భాగం వేగాన్ని, ఇవాళ మీకు దొరికే మరే బృందం వేగంతోనైనా పోల్చి చూడండి.