తల్లి పనికి వెళ్లే వేళ

శ్రోతలకు నమస్కారం. ఇబ్బందుల్లో ఉన్న పిల్లలకూ, వారి కుటుంబాలకూ సమాజం అందించవలసిన సేవల గురించి ఈ పూట మాట్లాడదలచాను. ఈ ప్రస్తావన వచ్చినప్పుడల్లా నా మనసు అమెరికాలోని షికాగో నగరంలో హల్ హౌస్ అనే సేవాకేంద్రం మీదికి వెళుతుంది.

1889లో జేన్ ఆడమ్స్, ఎలెన్ గేట్స్ స్టార్ అనే ఇద్దరు స్నేహితురాళ్లు, వలస వచ్చిన కార్మిక కుటుంబాలు కిక్కిరిసి బతుకుతున్న ఒక పేటలో, పాత భవనంలో కొంత భాగాన్ని అద్దెకు తీసుకుని నివాసం ఏర్పరచుకున్నారు. అదే హల్ హౌస్. ఆ పేటలో వారికి మొట్టమొదట తారసపడిన ముగ్గురు అంగవైకల్యం గల పిల్లల సంగతి ఆడమ్స్ తరువాత రాశారు. ఒకరు మూడో అంతస్తు కిటికీలోంచి పడిపోయారు. ఒకరికి ఒళ్లు కాలింది. మూడో పిల్లవాడిని మూడేళ్లపాటు రోజంతా వంటగది బల్ల కాలికి కట్టి ఉంచడం వల్ల వెన్నెముక వంగిపోయింది. దగ్గరలోని కర్మాగారంలో పనిచేసే అన్న మధ్యాహ్నం పరుగున వచ్చి, కట్లు విప్పి, తన అన్నంలోనే తమ్ముడికింత పెట్టి వెళ్లేవాడు. ముగ్గురికీ ఈ గతి పట్టింది తల్లులు పనికి వెళ్లిన వేళల్లోనే. ఆ మూడో పిల్లవాడి తల్లిని కఠినురాలని అనడానికి నాకు నోరు రాదు. పనికి పోకపోతే పిల్లవాడికి తిండి లేదు, పోతే వాడిని కనిపెట్టుకుని ఉండే మనిషి లేదు.

తొలి వేసవిలో, తాళం వేసిన ఇళ్ల బయట మిగిలిపోయిన చిన్నపిల్లలు చల్లగా ఉందని హల్ హౌస్ నడవలోకి వచ్చి కూర్చునేవారు. ఆ ఇంటివారు వారిని అక్కడే ఉండనిచ్చి మధ్యాహ్నం భోజనం పెట్టారు. తరువాత పక్క వీధిలోని చిన్న ఇంట్లో పగటిపూట శిశు సంరక్షణ కేంద్రం మొదలైంది. దానికి ఆ పైన ప్రత్యేక భవనమే కట్టారు.

అదే హల్ హౌస్ శాస్త్రీయంగా వండిన పుష్టికరమైన ఆహారం అందించే వంటశాలను కూడా తెరిచింది. దానిని ఇరుగుపొరుగు పెద్దగా ఆదరించలేదు, ఎందుకంటే వారి నాలుకకు అలవాటైన రుచులు వేరు. శిశు కేంద్రం మాత్రం నిలిచింది, ఎందుకంటే అది తల్లుల అవసరంలోంచి పుట్టింది. నా దృష్టిలో ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడడమే అసలు పాఠం.

అందుకే సేవాకార్యక్రమాలు తలపెట్టే మిత్రులకు నేను కోరేది ఒక్కటే. మొదట అడగండి. భవనం చూడకముందు అడగండి, చందాలు పోగుచేయకముందు అడగండి. తల్లి ఎన్ని గంటలకు బయలుదేరుతుంది, ఎన్ని గంటలకు తిరిగి వస్తుంది, పిల్లవాడికి జ్వరం వచ్చిన రోజున ఎవరి దగ్గర వదులుతుంది? ఆమె తెల్లవారుజామున ఆరింటికి వెళుతుంటే, పదింటికి తలుపు తీసే కేంద్రం ఎంత చక్కగా నడిచినా ఆ నాలుగు గంటలూ పిల్లవాడు ఒంటరిగానే ఉంటాడు. కాబట్టి ఆ పేట తల్లుల పనివేళలు కాగితం మీద రాసుకున్న తరువాతే కేంద్రం వేళలు నిర్ణయించండి.