చప్పట్లు అందుకునే వేళ ‘టేక్ ఎ బౌ’

నమస్కారం. ఇంగ్లీషులో ‘టేక్ ఎ బౌ’ అనే పలుకుబడి ఉంది. ఇక్కడ ‘బౌ’ అనే పలకాలి. ‘బో’ అంటే విల్లు.

రంగస్థలం మీద పుట్టిన మాట ఇది. నాటకం ముగిశాక నటులు ముందుకు వచ్చి, చప్పట్లు కొడుతున్న ప్రేక్షకులకు తల వంచి అభివాదం చేస్తారు కదా, అదే. నాటకశాల దాటి బయటికి వచ్చేసరికి మెచ్చుకోలుగా మారింది. ఎవరినైనా పేరుపెట్టి పిలిచి ‘టేక్ ఎ బౌ’ అంటే, ‘శభాష్, ఈ చప్పట్లు నీవే, అందుకో’ అని అర్థం. తల వంచడం ఉంది కాబట్టి లొంగిపోవడమని కొందరు పొరబడతారు. లొంగడానికి ‘బౌ టు’, తప్పుకోవడానికి ‘బౌ అవుట్’ వేరే ఉన్నాయి.

మన చెన్నైలో దీనికి గొప్ప ఉదాహరణ చేపాక్ క్రికెట్ స్టేడియం. 1999 జనవరి, పాకిస్తాన్‌తో టెస్టు. లక్ష్యం 271. నడుము నొప్పితోనే 136 కొట్టిన సచిన్, ఇంకా 17 పరుగులు కావాలనగా సక్లైన్ బౌలింగులో అవుటయ్యాడు. మిగిలిన మూడు వికెట్లూ నాలుగు పరుగులకే పోయాయి. 12 పరుగులతో ఓడిపోయాం. స్టేడియం మ్రాన్పడిపోయింది. ఆ తర్వాత జనం లేచి నిలబడి, గెలిచిన జట్టుకు చప్పట్లు కొట్టారు! వసీం అక్రమ్ బృందం మైదానం చుట్టూ తిరిగి వాటిని అందుకుంది. ఆ ఊళ్లో ఉంటున్నందుకు నాకు ఇప్పటికీ గర్వమే.

చెన్నైలో డిసెంబరు కర్ణాటక సంగీత కచేరీలకు వెళితే ఇంకో అందం కనిపిస్తుంది. త్యాగరాజ కీర్తన మధ్యలో తని ఆవర్తనం, అంటే తాళవాద్యాలు మాత్రమే వాయించే ఘట్టం, వస్తుంది. మృదంగం, ఘటం పోటీపడి, చివరికి కలిసి వాయించి కోర్వై (ముగింపు లయ విన్యాసం) ముగించగానే గాయకుడు మళ్లీ పాట అందుకుంటాడు. సభ మార్మోగుతుంది. అప్పుడాయన చెయ్యి చాచి మృదంగ విద్వాంసుణ్ణి చూపిస్తాడు. ఆ విద్వాంసుడు కొంచెం తల వంచి నమస్కరిస్తాడు. తనకు వచ్చిన చప్పట్లను పక్కవాడికి అందించడం నాకు పాటంత ఇష్టం.

ఇక వాడుక. ఇది నోటిమాట, దరఖాస్తుల్లో, అధికారిక లేఖల్లో వద్దు. ఆఫీసులో పని విజయవంతమైన రోజున ‘టెస్టింగ్ టీమ్, టేక్ ఎ బౌ’ అని చక్కగా చెప్పవచ్చు. తెర వెనుక పనిచేసిన వాళ్ల పేర్లే ముందు చెప్పండి.