470 విమానాల్లో ఒక్క ఏటీఆర్ కూడా లేదు: విలీనం మొదట కోసేది మన ఊరి విమానాన్నే

470. ఈ అంకెను దయచేసి గుర్తుపెట్టుకోండి. టాటాల చేతికి వచ్చాక ఎయిర్ ఇండియా 2023 ఫిబ్రవరిలో కొంటామని ప్రకటించిన విమానాల సంఖ్య ఇది. అందులో 250 ఎయిర్‌బస్‌లు, 220 బోయింగ్‌లు ఉన్నాయి. గన్నవరం, కడప, కర్నూలు వంటి చోట్ల దిగే ఏటీఆర్, అంటే డెబ్బై సీట్ల చిన్న ప్రొపెల్లర్ విమానం మాత్రం ఒక్కటంటే ఒక్కటి లేదు. అందుకే విజయవాడలో కూర్చుని గట్టిగా చెబుతున్నాను: విమాన సంస్థలు కలిసినప్పుడల్లా మొదట తెగిపోయేది చిన్న విమానం, ఆ వెంటనే దాన్ని నడిపే పైలట్ భవిష్యత్తు.

ఎయిర్ ఇండియాలో కలిసిపోయిన టాటాల మరో సంస్థ విస్తారా గొడవ మీకందరికీ తెలిసిందే. విలీనానికి ముందు తెచ్చిన కొత్త ఒప్పందంలో కచ్చితంగా జీతం వచ్చే గంటలు 70 నుంచి 40కి తగ్గాయని 2024 ఏప్రిల్‌లో పైలట్లు ఒంట్లో బాగాలేదంటూ సెలవులు పెట్టారు. సంస్థ రోజుకు పాతిక ముప్పై విమానాలను తగ్గించుకోవలసి వచ్చింది. అందరూ జీతం గురించే మాట్లాడారు, కానీ అసలు దెబ్బ జీతం మీద కాదు, సీనియారిటీ మీద పడుతుంది. ఎవరు ముందు కెప్టెన్ కావాలి, ఎవరు పెద్ద విమానానికి మారాలి, ఎవరికి సొంత ఊరికి దగ్గరి బేస్ (డ్యూటీ మొదలయ్యే ఊరు) రావాలి అన్నవి తేల్చేది సంస్థ పైలట్లను వరుసలో పెట్టే సీనియారిటీ జాబితాలోని ఒక్క నంబరే.

గుంటూరు అరండల్‌పేటలో నాకు తెలిసిన ఒక కుటుంబం తెనాలి దగ్గర ఎకరం పొలం అమ్మి అబ్బాయికి పైలట్ శిక్షణ ఇప్పించింది. అతను 200 గంటలు ఎగిరి లైసెన్సు తెచ్చుకున్నాడు, ఏటీఆర్ టైప్ రేటింగ్ (ఆ రకం విమానం నడిపే అర్హత) చేశాడు, ఒక చిన్న సంస్థలో కో-పైలట్‌గా చేరాడు. కెప్టెన్ పదవికి దగ్గరపడుతున్న సమయంలో ఆ సంస్థ చేతులు మారింది. కొత్త సీనియారిటీ జాబితాను అతను ఫోన్‌లో నాకు చూపించాడు. తన పేరు కోసం తెరను వేలితో పైకి తోస్తూనే ఉన్నాడు, పేరు మాత్రం ఎంతకీ రాలేదు. లాగ్‌బుక్‌లో రెండు వేలకు పైగా గంటలున్న మనిషి నిన్నగాక మొన్న పెద్ద జెట్ ఎక్కిన కుర్రవాడి కింద నిలబడ్డాడు.

ఇది కొత్త రోగం కాదు. ఎయిర్ ఇండియాను, ఇండియన్ ఎయిర్‌లైన్స్‌ను 2007లో కలిపారు. జీతాల తేడా మీద 2011లో ఒక వర్గం పైలట్లు సమ్మె చేశారు, డ్రీమ్‌లైనర్ అనే పెద్ద బోయింగ్ విమానం శిక్షణ ఎవరికివ్వాలన్న దాని మీద 2012లో మరో వర్గం 58 రోజులు సమ్మె చేసింది. ఉద్యోగుల విషయం తేల్చడానికి జస్టిస్ ధర్మాధికారి కమిటీని వేసింది 2011లో, అంటే పెళ్లయిన నాలుగేళ్లకు ముహూర్తం వెతికారన్నమాట! అదే 2007 చివర్లో అమెరికా, విమాన సంస్థలు కలిసినప్పుడు సీనియారిటీ జాబితాలను న్యాయంగా కలపాలని, మాట కుదరకపోతే మధ్యవర్తి తేల్చాలని ఏకంగా చట్టమే చేసింది.

మన గన్నవరం సంగతి చూడండి. ఎయిర్ డెక్కన్ 2003లో, తన తొలి రోజుల్లోనే, హైదరాబాద్ నుంచి ఇక్కడికి ఏటీఆర్ నడిపింది. ఆ సంస్థను కింగ్‌ఫిషర్ కలుపుకుంది, 2012 అక్టోబరులో కింగ్‌ఫిషరే ఆగిపోయింది. ఎయిర్ కోస్టాది విలీనం కథ కాకపోయినా, విజయవాడ సంస్థ కాబట్టి చెప్పకుండా ఉండలేను. 2013లో ఎంబ్రాయర్ జెట్లతో మొదలై 2017 ఫిబ్రవరిలో అది ఆగిపోయే నాటికి, దేశంలో ఆ జెట్లతో ప్రయాణికులను తిప్పే మరో సంస్థ లేదు. ఆ పైలట్ల రేటింగ్ చేతిలోనే ఉంది, ఎక్కడానికి విమానమే లేదు. చిన్న విమానం పోతే పైలట్‌కు మిగిలేది ఇదే.

ఇప్పుడు మళ్లీ 470 దగ్గరికి వద్దాం. టాటాలు 2022 జనవరిలో ఎయిర్ ఇండియాను తీసుకున్నప్పుడు, ఏటీఆర్‌లు నడిపే అలయన్స్ ఎయిర్ ఆ బేరంలో లేదు, ప్రభుత్వం దగ్గరే ఉండిపోయింది. 2024లో టాటాల నాలుగు విమాన సంస్థలు రెండయ్యాయి, పెద్ద జెట్లన్నీ ఒక గూటికి చేరాయి, ఏటీఆర్ మాత్రం గడప బయటే ఆగింది. ఏటీఆర్ కో-పైలట్ ఒకే గొడుగు కింద మెట్టుమెట్టుగా పెద్ద విమానానికి ఎదిగే దారి అక్కడే మూసుకుపోయింది. పోనీ రాజీనామా చేసి వెళ్దామంటే, విమానయానాన్ని నియంత్రించే ప్రభుత్వ సంస్థ డీజీసీఏ 2017లో పెట్టిన నిబంధన ప్రకారం కెప్టెన్ ఏడాది ముందు, కో-పైలట్ ఆరు నెలల ముందు నోటీసు ఇవ్వాలి. పైలట్‌కు అంత పొడుగు నోటీసు పెట్టినవారు, జాబితా మార్చే సంస్థకు కూడా అంతే నోటీసు పెట్టాలని నేను అడుగుతున్నాను. విలీనానికి అనుమతి ఇచ్చే కాగితంలోనే చిన్న విమానాలు ఎన్ని ఉంటాయో, వాటి పైలట్లు ఏ వరుసలో నిలబడతారో రాయించాలి.

ఈ వీడియో రికార్డు చేసే ముందు ఆ అరండల్‌పేట అబ్బాయికి ఫోన్ చేశాను. ఎయిర్‌బస్ టైప్ రేటింగ్ సొంత ఖర్చుతో చేసి వేరే చోట మళ్లీ కింది నుంచి మొదలుపెడతానన్నాడు. ఆ లక్షల కోసం తెనాలి దగ్గర మిగిలిన అర ఎకరాన్ని కూడా వాళ్ల నాన్నగారు బేరానికి పెట్టారట.